హెచ్‌డీఆర్ దండగని చెప్పినవాణ్ణి

విరుదునగర్‌లో నేను పనిచేసే కంప్యూటర్ అంగడికి గేమింగ్ మానిటర్ కోసం వచ్చేవాళ్ళు చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు. హెచ్‌డీఆర్ ఉన్నది తీసుకోవాలా, లేకపోయినా నడుస్తుందా? తొమ్మిదేళ్ళపాటు ఆ ప్రశ్నంటే నాకు భలే హుషారు. ఇప్పుడు ఎవరైనా అది అడగబోతున్నారని తెలియగానే భయం వేస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా గొప్పలు కొన్ని చెప్పుకోవాలి.

నా జవాబు ఒక్కటే ఉండేది: దండగ. మొహమాటం లేకుండా ముఖం మీదే చెప్పేవాణ్ణి. కొనడానికి వచ్చినవాళ్ళను వెనక్కి లాగే అమ్మకందారు ఆ వీధి మొత్తానికి నేనొక్కణ్ణేనని పేరు కూడా తెచ్చుకున్నాను. పెట్టె మీద ఆ మూడక్షరాల స్టిక్కరు చూసి మురిసిపోకండి, స్టిక్కరు అతికించడానికి జిగురు చాలు అనేవాణ్ణి. అందులో నిజం లేకపోలేదు. చౌక మానిటర్లలో తెరకు ఒక అంచున ఒకే వరుస దీపాలుంటాయి. మంటను గట్టిగా చూపించాలని అవి వెలుగు పెంచితే పక్కనున్న చీకటి కూడా పాలిపోతుంది. హెచ్‌డీఆర్ అసలు పని అది కాదు. వెలుగు కళ్ళు చెదిరేలా ఉండాలి, దాని పక్కనే చీకట్లో ఉన్నది చీకట్లోనే ఉంటూ కనపడాలి. దానికి తెర వెనక వందల చిన్న దీపాలు దేనికది వెలిగి ఆరాలి, లేదంటే ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే రకం తెర కావాలి.

అలాంటి ఖరీదైనవి కూడా మా అంగడికి వచ్చాయి. మామూలు మానిటరు పక్కన పెట్టి నేనే చూశాను. వెలుగులో తేడా తెలిసింది. చీకటి మాత్రం రెండింట్లోనూ ఒకే నలుపు. నాకు కనపడని తేడా ఇంకెవరికి కనపడుతుందని అనుకున్నాను. ఎంతమందిని అలా వెనక్కి పంపానో లెక్క లేదు.

మాది కోవిల్‌పట్టి. రోజూ పొద్దున రైల్లో విరుదునగర్ వెళ్ళి సాయంత్రం వస్తాను. అంగడిలో అందరూ రాత్రి దాకా ఉంటారు, నేను మాత్రం అయిదింటికల్లా సంచి భుజాన వేసుకుంటాను. చేరిన రోజే ఓనరుకు చెప్పేశాను, మా ఇంట్లో ఒక కట్టు ఉంది, దీపాలు పెట్టే వేళకు మగవాళ్ళు గడప లోపల ఉండాలి అని. ఆయన తమిళాయన, దేవుడంటే భయం ఉన్న మనిషి. వెంటనే చేతులు జోడించి సరేనన్నాడు.

మా వాళ్ళు ఆవుల మందలు తోలుకుని తెలుగు దేశం నుంచి ఈ నల్లరేగడి నేలకు వచ్చారంటారు. ఆ దారిలో పొద్దు గుంకాక అడుగు వెయ్యొద్దని, ఉన్నచోటే దీపం పెట్టుకుని కూర్చోమని అమ్మవారు చెప్పిందట. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు సగం తమిళమైపోయింది గానీ ఆ కట్టు మాత్రం చెక్కు చెదరలేదు. మా వంశానికి అదొక గొప్ప. పెళ్ళిళ్ళలో సాయంత్రం విందుకు మా మగవాళ్ళను వెలుగుండగానే తీసుకెళ్ళి కూర్చోబెడతారు. లేచేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుంటారు. ఆ ఇంటివాళ్ళ మర్యాదే వేరని ఊరివాళ్ళు అనుకుంటారు, మేమూ అనుకునేవాళ్ళం. కరెంటు పోతే కదలకుండా కూర్చోవడం భక్తి అని నేను చిన్నప్పటి నుంచీ నమ్మాను. ఎప్పుడూ అనుమానం రాలేదా అంటే, రాలేదని చెప్పడం అబద్ధం. వచ్చిన అనుమానం ముఖం చూడకుండా పక్కకు తప్పుకునేవాణ్ణి.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం వెంబకోట్టై వైపు నుంచి ఒకాయన వచ్చాడు. బాణసంచా తయారుచేసే వాళ్ళకు వీడియోలు తీసి ఇవ్వడం ఆయన పని. ఏ బాణం ఎంత ఎత్తు పోతుంది, ఏ పువ్వు ఏ రంగులో విచ్చుకుంటుంది, కొనేవాళ్ళు ముందే చూసుకోవడానికి. తీసిన వీడియోలను పగలు ఇంట్లో ఎడిట్ చేసుకునేది, రాత్రి ఆటలాడుకునేది కూడా అదే మానిటరు మీద, అందుకని గేమింగుకు పనికొచ్చే మంచి హెచ్‌డీఆర్ కావాలన్నాడు. నేను అలవాటుగా దండగ పురాణం మొదలుపెట్టాను. ఆయన నవ్వి, "ఒక్కసారి నా వీడియో వేసి చూద్దాం అన్నాచ్చి, తర్వాత తిట్టండి" అన్నాడు తమిళంలో.

మంచి హెచ్‌డీఆర్ తెర ఒకటి పెట్టి, షట్టరు కిందికి దించి లైట్లు ఆర్పాం. రిపేర్లు చూసే నా తోటి ఉద్యోగి కూడా పని ఆపి వచ్చి నిలబడ్డాడు. తెర మీద చిచ్చుబుడ్డి లేచింది. నిప్పురవ్వలు అంత నిజంగా ఉన్నాయంటే నేను తల వెనక్కి తీసుకున్నాను. ఆయన వీడియో ఆపాడు.

"మామూలు తెరలో ఇక్కడంతా ఉత్త నలుపు. ఇందులో చూడండి, వత్తి ముట్టించి వెనక్కి జరిగినతను ఎంత బాగా కనపడుతున్నాడో."

"ఎక్కడ?" అన్నాను.

ఆయన తెర మీద వేలు పెట్టాడు. వేలు కనపడింది. వేలు చుట్టూ నలుపు.

"అవును, తలకు గళ్ళ తుండు కట్టుకున్నాడు" అన్నాడు నా తోటివాడు.

ఇద్దరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారనుకుని నవ్వాను. వాళ్ళు నవ్వలేదు. ఆయన వీడియో ముందుకు జరిపాడు. ఆ మనిషి ఇప్పుడు చెయ్యి ఊపుతున్నాడట, వాడు మా బావమరిది, ఎన్నిసార్లు చెప్పినా కెమెరా ముందు కోతి చేష్టలు మానడు అని ఆయన మురిసిపోతూ చెబుతున్నాడు. నేను ఆ నలుపులోకి కళ్ళు పొడుచుకుని చూశాను. అక్కడ ఎవరూ లేరు.

"ఆ, ఆ, కనపడ్డాడు" అన్నాను.

ఆయన ఆ మానిటరే కొన్నాడు. వారంటీ కార్డు నేను రాయలేదు. జ్వరంగా ఉందని చెప్పి తోటివాడి చేత రాయించాను. రైల్లో కూర్చున్నాక పాత సంగతులు ఒక్కొక్కటే వచ్చి మీద పడ్డాయి. ఆటల్లో మొదట ఒక గుర్తు చూపించి, ఇది కనపడీ కనపడనట్టు ఉండేదాకా వెలుగు సరిచేసుకోండి అంటారు. ఎవరి కంప్యూటరు సిద్ధం చేసి ఇచ్చినా నేను ఆ వెలుగు మీటను చివరిదాకా నెట్టేవాణ్ణి. నలుపంతా బూడిదలా ఉందేమిటని కొందరు తిరిగి వచ్చి అడిగారు కూడా. మీకు చూడటం రాదని వాళ్ళ మీద ఎగిరాను. సాత్తూరు దాటేసరికి పొద్దు వాలింది. కిటికీ బయట మబ్బు పట్టి ఉంది. స్టేషనులో దిగి ఇంటికి పోగలనో లేదో అని జీవితంలో మొదటిసారి, అమ్మవారి పేరు అడ్డం పెట్టుకోకుండా, భయపడ్డాను.

మర్నాడు అంగడి నుంచి డెమో హెచ్‌డీఆర్ మానిటరు ఒకటి ఓనరును అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ మరుసటి రోజు సెలవు పెట్టాను. తొమ్మిదేళ్ళ మా పాప బడికి వెళ్ళాక కిటికీలకు మందపాటి దుప్పట్లు కట్టి, నాకు బాగా తెలిసిన ఒక ఆట పెట్టాను. అందులో ఒక గుహ వస్తుంది. గుహ మధ్యలో మంట, అవతల మూలన కాపలావాళ్ళు. నేను ఆ గుహలో ఎన్నిసార్లు చచ్చానో చెప్పలేను. ప్రతిసారీ ఆట తయారుచేసినవాళ్ళను తిట్టాను. నా భార్యను పిలిచి మంట అవతల ఏముందని అడిగాను.

"నలుగురు కూచోనుండారు. ఒకడు బల్లానికి తల ఆనించుకుని కునుకుతాండాడు" అంది.

వెలుగు మీట నెట్టుకుంటూ పోయాను. దాదాపు చివరికి వచ్చాక, తెరంతా పాలిపోయాక, నలుగురూ నాకు కనపడ్డారు. ఒకడు నిజంగానే కునుకుతున్నాడు.

ఆమెకు అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నీ సంగతి నాకు తెలుసు మావా. మాపు నీళ్ళకి లేస్తే గోడ తడుముకుంటా పోతావు. గోడ తడమమని కూడా అమ్మవారే చెప్పెనా?"

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"అంటే నీకు కోపమొస్తాది. మా నాయినకీ అంతే, అడిగితే అరిచేవోడు. నోరు మూసుకోని చెయ్యి పట్టుకునేది మాకు అలవాటైపాయె."

ఇప్పుడు ఎవరైనా హెచ్‌డీఆర్ గురించి అడిగితే, మంచి తెర దొరికితే తీసుకోండి, దాని విలువ దానికుంది అంటాను. చౌకవాటి జోలికి పోవద్దని ఇప్పటికీ చెబుతాను. కానీ నా కళ్ళ మీద నమ్మకం పెట్టుకోవద్దని, చీకటి గదిలో మీరే చూసుకోండని, తోడు ఎవరినైనా తెచ్చుకోండని కూడా చెబుతాను. ఇదేం అమ్మకందారురా అన్నట్టు చూస్తారు.

ఆ శనివారం పొద్దున్నే ఏళాయిరంపన్నై బస్సెక్కి మామ ఊరికి వెళ్ళాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు, నా భార్యకు తండ్రి. మొక్కజొన్న, పత్తి వేసే మెట్టభూమి ఉంది ఆయనకు, ఇప్పుడు కౌలుకిచ్చాడు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని "రారా అల్లుడా" అన్నాడు గానీ ముఖం కొంచెం పక్కకు తిప్పి వెతికాడు. కాఫీ తాగేదాకా ఆగలేకపోయాను.

"మామా, మనోళ్ళకి చీకట్లో కండ్లు కనపడవా?"

"అమ్మవారి కట్టురా అది. తప్పు మాట మాట్లాడొద్దు."

"నేను అడిగింది అమ్మవార్ని కాదు, నిన్ను."

ఆయన లోటా కింద పెట్టడానికి అరుగు తడిమాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"నా ఆరో ఏట నుంచి నాకు తెలుసు. మా నాయినకీ తెలుసు. ఆయన నాయినకీ తెలిసే ఉంటాది. చెప్తే మనకి పిల్లనెవుడిస్తాడు? మన పిల్లనెవుడు చేసుకుంటాడు? అందుకే బయటికి ఇయ్యలే, బయట నుంచి తేలే. అక్క కూతురు, మేనమామ కూతురు, లోపల లోపలే చేసుకుంటిమి. ఇన్ని తరాలు గుట్టు నిలిచె."

ఆ మాట గర్వంగానే అన్నాడు. రక్తసంబంధంలో చేసుకునే కొద్దీ ఇలాంటి రేచీకటి పిల్లల్లో గట్టిపడుతుందని ఆ వారమంతా నేను ఫోనులో వెతికి చదివాను. దాచిపెట్టడానికి మేం ఎంచుకున్న దారే దాన్ని పెంచే దారి. ఆయనకు ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. తన ఒక్కగానొక్క కూతుర్ని ప్రేమతోనే నాకిచ్చాడు.

"ఇప్పుడు నీకెట్లుండాది మామా?"

ఆయన తన రెండు చేతులూ చెవుల పక్కకు ఎత్తాడు. "ఈడ పెడితే కనపడదు." కొంచెం ముందుకు తెచ్చాడు. "ఈడా కనపడదు." ఇంకా ముందుకు తెచ్చాడు. చేతులు ముక్కు దగ్గరికి వచ్చేశాయి. "ఇంతే. నీ ముఖంలో ముక్కొకటి కనపడతాంది. పట్టపగలే ఇట్లా."

నాకు ముప్పై ఆరేళ్ళు. ఆయనకు అరవై దాటాయి. మధ్యలో ఉన్న ఏళ్ళు ఎన్నో లెక్క వేసుకున్నాను. తెరలు చూసి బతికేవాణ్ణి నేను. ఇంకే పనీ రాదు.

"ఆడోళ్ళకీ ఉండాదిరా" అన్నాడు మామ, తనలో తాను అనుకుంటున్నట్టు. "మా చిన్నత్తకి ఉండె. ఆడోళ్ళు ఎటూ పొద్దు గుంకినాక బయటికి పోరు గదా, ఎవురికీ తెలీలే." ఆగి, ముఖం మళ్ళీ పక్కకు తిప్పి నన్ను వెతికాడు. "పాప మాపటేల ఎట్లా నడుస్తాంది?"

పాప సాయంత్రాలు ఎలా నడుస్తుందో నేను ఎప్పుడూ చూడలేదు. ఆ వేళకు నేను దీపం ముందు కూర్చుని ఉంటాను.

తిరుగు బస్సులో మాత్రం గుర్తుకు వచ్చినవన్నీ భయపెట్టాయి. పాప లైటు వేసుకునే పడుకుంటుంది, పిల్లలన్నాక మామూలేగా. సాయంత్రం మేడ మీద నుంచి దిగాలంటే ఎత్తుకోమని వాళ్ళమ్మను అడుగుతుంది, గారం అనుకున్నాం. వేసవిలో మధ్యాహ్నం ఆటకు సినిమాకు వెళ్ళినప్పుడు హాల్లోకి అడుగు పెట్టగానే నా చొక్కా గట్టిగా పట్టుకుంది. టార్చిలైటు మనిషి వచ్చేదాకా ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. నా కూతురికి నేనంటే ఎంత ప్రాణమో అని ఆ రోజు పొంగిపోయాను. ఆ పొంగిపోవడం గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. నా గురించి విన్నప్పుడు చలించని మనిషి, పాప మాట ఎత్తగానే పొయ్యి ఆపేసి నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి తేరుకుని మదురైలో కంటి ఆసుపత్రికి ఫోను చేసింది. గురువారం రమ్మన్నారు.

"గురువారం దాకా ఓర్చుకో మావా. డాక్టర్లు చూసి చెప్తారు."

నేను ఓర్చుకోలేకపోయాను. అయిదు రోజులు పాప అడుగులు లెక్కపెడుతూ బతకడం నావల్ల కాదన్నాను. మానిటరు ఇంట్లోనే ఉంది, గుహలో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు, ఒక్క ప్రశ్న అడిగితే సరిపోతుందన్నాను. చిన్నపిల్లను పట్టుకుని ఇదేం పరీక్ష అని ఆమె తిట్టింది. తిట్టి, ఆదివారం మధ్యాహ్నం తనే దుప్పట్లు తీసుకొచ్చి కిటికీలకు కట్టింది.

పాపకు ఆట అనగానే సంబరం. మామూలుగా నేను ముట్టుకోనివ్వను కదా. గెంతుతూ వచ్చి నా పక్కన కుర్చీ ఎక్కింది. అమ్మ ముఖం చూసి జవాబు పట్టేస్తుందని, నువ్వు తలుపు వేసి బీరువా పక్కన నిలబడు, మాట్లాడొద్దు అని భార్యకు ముందే చెప్పాను. ఆమె తలుపు వేసింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళిందనుకుంది పాప.

నా కోసం చివరికి నెట్టిన మీటను మళ్ళీ వెనక్కి, సరిగ్గా ఉండాల్సిన చోటికి తెచ్చాను. గుహ వచ్చింది. మంట ఎర్రగా, వేడి తగులుతుందేమో అన్నంతగా మండుతోంది. దాని అవతల నాకు నలుపు.

"మంట అవతల ఎంతమంది కూచోనుండారు తల్లీ?"

పాప తల ఒక పక్కకు వంచి చూసింది. ఇంకో పక్కకు వంచింది.

"మంట బాగుండాది నాయినా."

"మంట కాదమ్మా. మనుషులు."

"ముగ్గురు" అంది. నేను తెర వైపే చూస్తున్నాను. "అయిదు మందా?" అంది. అప్పుడు చూశాను, పాప తెర వైపు చూడటం లేదు. మంట వెలుగు పడుతున్న నా ముఖంలో జవాబు వెతుకుతోంది. కింది పెదవిని పళ్ళతో నొక్కుకుంది. భయపడుతోంది. బళ్ళో తప్పు చెబితే పడే భయం కాదది. ఎప్పటి నుంచో ఒక్కతే మోస్తున్న భయం.

నాకు ఏం చేయాలో తోచలేదు. డాక్టరు చెప్పేదాకా ఆగమన్న భార్య మాట వినాల్సింది. ఇంక దాచలేక, "నాకు ఒక్కరూ కనపడలే తల్లీ. నిజంగా" అన్నాను.

పాప నా వైపు కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఆ తర్వాత దాని ముఖమంతా విచ్చుకుంది.

"నాకూ అంతే నాయినా! నా ఒక్కదానికే అట్లా అనుకుంటి."

నవ్వుతూ నా ఒళ్ళోకి ఎక్కి మెడ చుట్టూ చేతులు వేసింది. దాని గుండె గబగబా కొట్టుకోవడం నా ఛాతీకి తగులుతోంది. నోరు నా చెవి దగ్గరికి తెచ్చి, "అమ్మకి చెప్పొద్దు నాయినా, ఏడుస్తాది" అంది.

వాళ్ళమ్మ మా ఎదురుగా, తెరకు అవతల, రెండడుగుల దూరంలో, బీరువా పక్కనే నిలబడి ఉంది. మా ఇద్దరికీ కనపడలేదు.